తాళంచెవి ఎవరి చేతిలో: శ్రీసిటీ ఫోన్లు, గోప్యతా నిర్వహణ వ్యవస్థలు

నాయుడుపేట నుంచి తడ దాకా: ఒక రహదారి ఆధునిక చరిత్ర – 9వ భాగం

స్వర్ణముఖి తీరాన ఉన్న నాయుడుపేట నుంచి చెన్నై వైపు సాగే 16వ నంబరు జాతీయ రహదారి దొరవారిసత్రం, సూళ్లూరుపేటల మీదుగా తడ చేరుతుంది. అక్కడ పడమరకు తిరిగితే 2008లో ప్రారంభమైన శ్రీసిటీ పారిశ్రామిక నగరం వస్తుంది. ఒకప్పుడు వడ్ల లారీలకు, తర్వాత రొయ్యల బండ్లకు పేరుపడిన ఈ దారి 2015లో సెల్‌ఫోన్ల చరిత్రలోకి కూడా ఎక్కింది. ఆ ఏడు ఆగస్టు 10న విశాఖపట్నంలో, ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు సమక్షంలో, చైనాకు చెందిన షావోమీ సంస్థ శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ అనే తయారీ సంస్థ చేత చేయించిన రెడ్‌మి 2 ప్రైమ్ అనే ఫోనును 6,999 రూపాయల ధరకు విడుదల చేసింది. ఆ మరునాడే, అంటే ఆగస్టు 11న, ఢిల్లీలో జస్టిస్ జాస్తి చలమేశ్వర్ అధ్యక్షతన కూర్చున్న సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనం, వ్యక్తిగత గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు అవునా కాదా అన్న ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి నివేదించింది. తేదీలు ఇలా పక్కపక్కన పడడం కేవలం కాకతాళీయమే గాని, ఆ రెండు రోజులలో మొదలైన రెండు కథలూ తర్వాతి పదేళ్లలో పలుమార్లు ఒకదానికొకటి ఎదురుపడ్డాయి. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పారు; ఆ తొమ్మిదిమందిలో చలమేశ్వర్‌తోపాటు, 2023లో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చిన జస్టిస్ అబ్దుల్ నజీర్ కూడా ఉన్నారు. అయితే హక్కు ఉందని న్యాయస్థానం తేల్చినంత మాత్రాన, మనిషి రహస్యాలన్నిటినీ జేబులో మోసే యంత్రం మీద అదుపు ఎవరిదన్న ప్రశ్న తేలిపోలేదు. గోప్యతే తమ లక్ష్యమని బయలుదేరిన మొబైల్ నిర్వహణ వ్యవస్థల చరిత్రను తరచి చూస్తే, తయారీదారు అనుమతి గాని, కనీసం తయారీదారు ఏమరుపాటు గాని లేకుండా వాటిలో ఏదీ సామాన్యుడి చేతికి చేరలేదని తెలుస్తుంది. ఈ భాగం పరిశీలించేది ఆ సంబంధాన్నే.

శ్రీసిటీకి ఫోన్లు రావడం వెనుక తమిళనాడులో జరిగిన ఒక పతనం ఉంది. శ్రీపెరుంబుదూరులో 2006లో ఉత్పత్తి ప్రారంభించిన నోకియా కర్మాగారం పన్ను వివాదాల నడుమ 2014 నవంబరు 1న మూతపడగా, దాని మీద ఆధారపడి పక్కనే నడిచిన ఫాక్స్‌కాన్ కర్మాగారం కూడా ఆ డిసెంబరులో ఆగిపోయింది. ఏడాది తిరగకముందే అదే ఫాక్స్‌కాన్, రైజింగ్ స్టార్స్ మొబైల్ ఇండియా అనే అనుబంధ సంస్థ పేరుతో, రాష్ట్ర సరిహద్దుకు ఇవతల శ్రీసిటీలో కూర్పు వరుసలు నెలకొల్పింది. 2017 మార్చిలో రెండో కర్మాగారం తెరిచేనాటికి, వందకు పైగా పరిసర గ్రామాల నుంచి వచ్చే 5,000 మందికి మించి అక్కడ పనిచేస్తున్నారనీ, వారిలో 90 శాతానికి పైగా స్త్రీలేననీ షావోమీ ప్రకటించింది. దిగుమతి అయి వచ్చిన సర్క్యూట్ బోర్డులనూ, తెరలనూ, బ్యాటరీలనూ ఒకచోట కూర్చి, మరలు బిగించి, పరీక్షించి, పెట్టెల్లో సర్దడం ఆ స్త్రీల పని. ఫోనుకు ప్రాణం పోసే సాఫ్ట్‌వేర్ మాత్రం బీజింగ్‌లో సంతకమై వచ్చి, ఆ బోర్డు మీది మెమరీలోకి యథాతథంగా ఎక్కేది. అందులో ఒక్క అక్షరం మార్చే అధికారం శ్రీసిటీలో ఎవరికీ లేదు, ఆ ఫోనును డబ్బు పెట్టి కొన్నవాడికి అంతకంటే లేదు.

ఇక్కడ కొన్ని పరిభాషా విషయాలు వివరించుకోవాలి. తెర, కెమెరా, సిమ్ వంటి భాగాలకూ, వాడుకరి వేసుకునే యాప్‌లకూ మధ్య నిలిచి, ఎవరికి ఏది అందాలో నిర్ణయించే సాఫ్ట్‌వేరును నిర్వహణ వ్యవస్థ లేదా ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. షావోమీ సహా అత్యధిక సంస్థలు వాడే ఆండ్రాయిడ్‌లో రెండు పొరలున్నాయి: మొదటిది గూగుల్ బహిరంగంగా ప్రచురించే మూలసంకేతం, అనగా ఎవరైనా చదివి మార్చుకోదగిన సోర్స్ కోడ్; రెండోది దాని మీద గూగుల్ తన షరతులతో లైసెన్సుకు ఇచ్చే ప్లే స్టోర్, మ్యాప్స్, జీమెయిల్ వంటి సేవల మూట. మొదటి పొరను తీసుకుని రెండోదాన్ని వదిలేసి, సమాచారం ఎవరికీ చేరకుండా కట్టుదిట్టం చేయడమే గోప్యతా నిర్వహణ వ్యవస్థలలో చాలావాటి పద్ధతి. అయితే మూలసంకేతం చేతిలో ఉన్నంత మాత్రాన ఫోను నడవదు. కెమెరా, మోడెమ్ వంటి భాగాలను నడిపే డ్రైవర్లు ఆయా చిప్ సంస్థల రహస్యాలుగా, చదవడానికి వీలులేని ఫైళ్ల రూపంలో ఉంటాయి. వీటికంటే ముందుగా బూట్‌లోడర్ అనే కాపలాదారు ఉంటుంది. ఫోను మీట నొక్కిన మరుక్షణం మేలుకునే ఈ చిన్న ప్రోగ్రాము, తాను లేపబోయే నిర్వహణ వ్యవస్థ మీద తయారీదారు గణితపరమైన సంతకం ఉందో లేదో చూస్తుంది. దస్తావేజు ఎవరైనా రాసుకోవచ్చు గాని సబ్ రిజిస్ట్రారు ముద్ర పడనిదే అది చెల్లదు కదా, ఇదీ అటువంటిదే. ముద్ర వేసే రహస్య తాళంచెవి తయారీదారు ఆవరణ దాటదు, దాన్ని సరిపోల్చే బహిరంగ తాళంచెవి మాత్రం ఫోను చిప్‌లో చెరపలేని విధంగా నాటుకుని ఉంటుంది.

వ్యక్తిగత కంప్యూటర్ల విషయంలో ఈ చిక్కు చాలాకాలం లేదు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ వారు లినక్స్ నిర్వహణ వ్యవస్థను తెలుగులోకి తెచ్చి పంచినప్పుడు, ఆ కంప్యూటరును తయారు చేసిన కంపెనీని ఎవరూ అనుమతి అడగవలసిన అవసరం రాలేదు, ఎందుకంటే ఆ యంత్రం ఏ డిస్కు పెడితే దానితోనే మేలుకునేది. సెల్‌ఫోను ఆ స్వభావంతో పుట్టలేదు. సిమ్‌కార్డు సంస్థలూ, చిప్ సంస్థలూ, తయారీదారులూ కలిసి పెంచిన యంత్రం కాబట్టి, కొన్నవాడికి అందులో దక్కింది వాడుకునే హక్కే.

ఈ తాళాన్ని తర్వాతి కాలంలో పకడ్బందీగా వేసిన షావోమీ చరిత్ర మొదలైందే ఇతరులు తెరిచిన తలుపుల గుండా అన్నది చరిత్రకారుడు చిరునవ్వు లేకుండా దాటలేని సంగతి. 2011లో తన మొదటి ఫోను చేయకముందు, 2010 ఆగస్టులో ఆ సంస్థ విడుదల చేసింది ఎంఐయూఐ అనే సాఫ్ట్‌వేరును మాత్రమే. ఇతర కంపెనీల ఫోన్లలోని అసలు వ్యవస్థను తీసివేసి దాని స్థానంలో ఔత్సాహికులు ఎక్కించుకునే ఇటువంటి సాఫ్ట్‌వేరును మొబైల్ దుకాణాల భాషలో కస్టమ్ రామ్ అంటారు, ఎక్కించడాన్ని ఫ్లాష్ చేయడం అంటారు. గూగుల్ వారి నెక్సస్ వన్ వంటి ఫోన్ల బూట్‌లోడరు తెరుచుకోకపోయి ఉంటే షావోమీ పేరు ఎవరికీ తెలిసేది కాదు.

2014 జూలైలో షావోమీ మన దేశంలో అమ్మకాలు ప్రారంభించిన కొద్ది వారాలకే, ఫిన్లాండ్‌కు చెందిన ఎఫ్-సెక్యూర్ అనే భద్రతా సంస్థ ఒక కొత్త రెడ్‌మి 1ఎస్ ఫోనును పరీక్షించి, సిమ్ వేసి నెట్‌కు తగిలించగానే అది ఫోను నంబరునూ, ప్రతి ఫోనుకూ విడిగా ఉండే ఐఎంఈఐ గుర్తింపు సంఖ్యనూ, ఆ తర్వాత పరిచయస్తుల నంబర్లనూ కంపెనీ సర్వరుకు పంపుతోందని బయటపెట్టింది. అప్పట్లో సంస్థ ఉపాధ్యక్షుడైన హ్యూగో బర్రా ఇది ఉచిత సందేశాల సేవ కోసమని వివరణ ఇచ్చాడు. ఆగస్టులోనే ఆ సేవను వాడుకరి కోరితేనే పనిచేసేలా మార్చారు. అయినా అక్టోబరులో భారత వైమానిక దళం తన సిబ్బందినీ, వారి కుటుంబాలనూ ఈ ఫోన్ల విషయంలో హెచ్చరించింది. 2020 ఏప్రిల్ చివరలో మరో పరిశోధకుడు షావోమీ బ్రౌజరు గుప్త విహార పద్ధతిలో కూడా చూసిన పేజీల వివరాలను సేకరిస్తోందని చూపగా, సంస్థ ఆరోపణలోని ప్రధాన భాగాన్ని ఖండిస్తూనే, ఆ సేకరణను ఆపివేసుకునే మీటను కొద్ది రోజులలోనే చేర్చింది. రెండు సందర్భాలలోనూ దిద్దుబాటు వచ్చింది, వేగంగానే వచ్చింది. కాని రెండుసార్లూ లోపం బయటపడింది బయటివారి పరీక్షలోనే, దిద్దింది తాళంచెవి ఉన్నవారే. వాడుకరి చేయగలిగింది అప్‌డేట్ కోసం ఎదురుచూడడం ఒక్కటే.

తయారీదారు దయ మీద ఆధారపడకుండా వాడుకరి చేతికే అదుపు ఇవ్వాలన్న ప్రయత్నాలలో మొదటి పెద్దది సయనోజెన్‌మాడ్. అమెరికన్ ప్రోగ్రామరు స్టీవ్ కాండిక్ 2009లో, హెచ్‌టీసీ డ్రీమ్ అనే తొలి ఆండ్రాయిడ్ ఫోను కోసం సరదాగా ఆరంభించిన ఈ వ్యవస్థ చూస్తుండగానే లక్షల మందికి చేరింది. అదే ఏడు సెప్టెంబరులో, గూగుల్ సొంత యాప్‌లను లైసెన్సు లేకుండా ఇందులో చేర్చి పంచడం ఆపాలని గూగుల్ నోటీసు ఇచ్చినప్పుడు, పైన చెప్పిన రెండు పొరల తేడా ఔత్సాహికులకు మొదటిసారి అనుభవంలోకి వచ్చింది. గూగుల్ మూటను విడిగా వేసుకునేలా కాండిక్ బృందం సర్దుబాటు చేసుకుంది. 2013లో వారు చేర్చిన ప్రైవసీ గార్డ్ అనే సదుపాయం ద్వారా, ఒక యాప్ పరిచయాల జాబితాను గాని, ఉన్నచోటు వివరాన్ని గాని అడిగితే ఇవ్వకుండా ఉండే వీలు వాడుకరికి కలిగింది. ఇటువంటి అనుమతుల పద్ధతి గూగుల్ వారి అసలు ఆండ్రాయిడ్‌లోకి 2015లో, ఆరో సంచికతోగాని రాలేదు. గోప్యత విషయంలో ఔత్సాహికులు ముందు నడవగా సంస్థలు వెనుక వచ్చాయనడానికి ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు.

ఔత్సాహికుల పని వ్యాపారంగా మారి సయనోజెన్ ఇన్‌కార్పొరేటెడ్ అనే సంస్థ 2013లో ఏర్పడినప్పుడు తయారీదారులతో సంబంధం కొత్త మలుపు తిరిగింది. అంతవరకు తాళం తీసుకుని లోపలికి వెళ్లినవారు ఇప్పుడు తయారీదారు చేతనే ముద్ర వేయించుకుని గుమ్మంలోంచి ప్రవేశించదలిచారు. చైనాకు చెందిన వన్‌ప్లస్ అనే కొత్త సంస్థ తన మొదటి ఫోను వన్‌ప్లస్ వన్‌ను 2014లో ఈ వ్యవస్థతోనే విడుదల చేసింది. కాని భారతదేశానికి వచ్చేసరికి సయనోజెన్ సంస్థ, యూ అనే కొత్త పేరుతో ఫోన్లు తేబోతున్న మైక్రోమ్యాక్స్‌కు ఈ దేశంలో ప్రత్యేక హక్కులు రాసి ఇచ్చింది. వన్‌ప్లస్ వన్ మన దేశంలో అమ్మకానికి వచ్చింది డిసెంబరు 2న. అంతకు వారం ముందు, నవంబరు చివరలో, భారతదేశంలో మీకు హక్కు లేదన్న కబురు ఆ సంస్థకు అందింది. మైక్రోమ్యాక్స్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లగా, డిసెంబరు 16న ఏకసభ్య ధర్మాసనం సయనోజెన్ గుర్తుతో ఉన్న ఫోన్ల దిగుమతినీ అమ్మకాన్నీ నిలిపివేస్తూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఎనిమిది రోజుల తర్వాత డివిజన్ బెంచి ఆ ఉత్తర్వును పక్కన పెట్టింది. ఈ మధ్యలో డిసెంబరు 18న యూ యురేకా 8,999 రూపాయలకు విడుదలైంది. వాడుకరి స్వేచ్ఛ పేరున పుట్టిన సాఫ్ట్‌వేరు మీద ఏ దేశంలో ఎవరికి గుత్తహక్కు అన్న తగాదా న్యాయస్థానానికి ఎక్కడం ఈ చరిత్రలో విడ్డూరమైన అధ్యాయాలలో ఒకటి. కోర్టులో ఊరట దక్కినా వన్‌ప్లస్‌కు తత్వం బోధపడింది. పరుల వ్యవస్థను నమ్ముకోవడం మాని ఆక్సిజన్‌ఓఎస్ పేరుతో సొంతది తయారు చేసుకుంది, 2019 ఆగస్టులో హైదరాబాదు నానక్‌రామ్‌గూడలో పరిశోధనా కేంద్రం కూడా తెరిచింది. సయనోజెన్ సంస్థ మాత్రం ఎటూ కాకుండా పోయి 2016 డిసెంబరు 31తో సేవలు ముగించింది. వ్యాపార సంస్థ కూలినా మూలసంకేతం బహిరంగమే కాబట్టి, ఔత్సాహికులు దాన్ని అందుకుని లీనియేజ్‌ఓఎస్ పేరుతో కొనసాగించారు.

ఆ రోజులలోనే ఆండ్రాయిడ్‌తో నిమిత్తం లేని మూడు వ్యవస్థలు కూడా ఫోన్ల రూపంలో మన అంగళ్లకు వచ్చి వెళ్లాయి. మొజిల్లా వారి ఫైర్‌ఫాక్స్ ఓఎస్‌తో ఇంటెక్స్ సంస్థ 2014 ఆగస్టులో 1,999 రూపాయల ఫోను తెచ్చింది. 2015 ఆగస్టులో ఉబుంటు ఫోన్లు, 2016 జూలైలో ఫిన్లాండ్ వారి సెయిల్‌ఫిష్‌తో 5,499 రూపాయల ఇంటెక్స్ ఆక్వా ఫిష్ వచ్చాయి. యాప్‌లు లేక, రెండో విడత ఫోను చేసే తయారీదారు లేక మూడూ వెనుదిరిగాయి. ఫైర్‌ఫాక్స్ మూలసంకేతం నుంచి పుట్టిన కైఓఎస్ 2017లో జియోఫోన్ ద్వారా కోట్ల చేతులకు చేరింది గాని, వాడుకరి స్వేచ్ఛ గురించి మొజిల్లా వారు మొదట చెప్పిన మాటలేవీ దానితోపాటు ప్రయాణం చేయలేదు.

శ్రీసిటీ ఫోన్లకూ లీనియేజ్‌కూ ఉన్న బంధం ఇంతకంటే ఆసక్తికరమైనది. 2016కు ముందు షావోమీ ఫోన్లలో చాలావాటి బూట్‌లోడరుకు తాళం వేసి ఉండేది కాదు, రెడ్‌మి 2 కుటుంబం ఆ కోవలోనిదే. విశాఖలో ఆండ్రాయిడ్ 4.4తో విడుదలైన ఆ ఫోన్లకు, డబ్ల్యూటీ88047 అనే సంకేతనామం కింద, కంపెనీతో ఏ సంబంధమూ లేని ప్రోగ్రామర్లు లీనియేజ్ 14.1ను, అనగా ఆండ్రాయిడ్ 7.1ను సిద్ధం చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో కూర్చిన మొదటి షావోమీ ఫోను మూడు తరాల ముందుకు వెళ్లి, గూగుల్ సేవలు గాని షావోమీ ప్రకటనలు గాని లేకుండా కూడా నడవగలిగిందంటే, అందుకు కారణం సంస్థ ఔదార్యం కాదు, తాళం వేయాలన్న ఆలోచన అప్పటికి రాకపోవడమే.

ఆ ఆలోచన 2016 మొదట్లో వచ్చింది. మధ్య దళారులు ఫోను పెట్టె విప్పి, అందులో దొంగ సాఫ్ట్‌వేరు ఎక్కించి తిరిగి అమ్ముతున్నారన్నది సంస్థ చెప్పిన కారణాలలో ఒకటి. ఈ వాదనను కొట్టిపారేయడానికి వీలులేదు. తాళం దొంగనూ ఆపుతుంది, ఇంటివాడినీ ఆపుతుంది, ఎవరు ఎవరో అది తేల్చుకోలేదు. 2017 జనవరిలో వచ్చి ఆ ఏడు దేశంలో విపరీతంగా అమ్ముడుపోయిన రెడ్‌మి నోట్ 4ను తీసుకుంటే, దాన్ని తెరిచే తంతు ఇలా ఉండేది. ముందుగా సెట్టింగులలో ఎంఐయూఐ వెర్షన్ అన్న వరుసను ఏడుసార్లు తాకితే దాగి ఉన్న డెవలపర్ ఐచ్ఛికాలు బయటపడతాయి. అందులో ఫోనును షావోమీ ఖాతాకు ముడివేసి, అన్‌లాక్‌కు అనుమతి కోరాలి. ఆ తర్వాత ఫోను ఆపి, ధ్వని తగ్గించే మీటనూ పవర్ మీటనూ కలిపి నొక్కిపట్టితే, చెవుల టోపీ పెట్టుకున్న ఒక కుందేలు ఆకుపచ్చ ఆండ్రాయిడ్ బొమ్మను మరమ్మతు చేస్తున్న చిత్రం తెర మీద కనిపిస్తుంది. ఫాస్ట్‌బూట్ అనే ఈ స్థితిలో ఫోనును కంప్యూటరుకు తగిలించి షావోమీ వారి అన్‌లాక్ ప్రోగ్రామును నడిపితే, అది సర్వరును సంప్రదించి, ఫలానా గంటల తర్వాత రమ్మని చెబుతుంది. ఆ గడువు కాలాన్నిబట్టి, ఫోనునుబట్టి మారుతూ వచ్చింది. వారం, అంటే 168 గంటలు, చాలామందికి ఎదురైన అంకె. గడువు తీరాక తాళం తెరుచుకుంటుంది గాని ఫోనులోని ఫొటోలూ సందేశాలూ సర్వం తుడిచిపెట్టుకుపోతాయి. 2023లో ఎంఐయూఐ స్థానంలో హైపర్‌ఓఎస్ వచ్చాక ఈ షరతులు ఇంకా బిగిశాయి.

తాళం తెరిచినవాడికి మరో చిక్కు ఎదురైంది. 2016లో యూపీఐ వచ్చి, ఆ నవంబరులో పెద్దనోట్లు రద్దయ్యాక, కొన్నేళ్లలో నాయుడుపేట టీ బంకుల దాకా క్యూఆర్ అట్టలు వేలాడాయి. చెల్లింపుల యాప్‌లలోనూ బ్యాంకు యాప్‌లలోనూ అనేకం, తాము నడుస్తున్న ఫోను బూట్‌లోడరు మూసి ఉందా, వ్యవస్థ గూగుల్ ఆమోదించినదేనా అని ముందుగా గూగుల్ వారి సేఫ్టీనెట్ తనిఖీ ద్వారా, తర్వాత దాని స్థానంలో వచ్చిన ప్లే ఇంటిగ్రిటీ ద్వారా విచారిస్తాయి; జవాబు కాదని వస్తే మొరాయిస్తాయి. రైలు టిక్కెట్టు నుంచి కరెంటు బిల్లు దాకా ఫోనులోనే కట్టే కాలంలో, గోప్యత కోసం ఆ సౌకర్యాన్ని వదులుకోగలిగినవారు కొద్దిమందే. ఈ రహదారి వెంట ఊళ్లలోని మొబైల్ దుకాణాలలో ఫ్లాషింగ్ పని నేటికీ జరుగుతున్నా, అది చాలావరకు పాస్‌వర్డు మరిచిన ఫోనును బతికించడానికో, ఆగిపోయిన ఫోనుకు కంపెనీ సాఫ్ట్‌వేరునే మళ్లీ ఎక్కించడానికో పరిమితమైంది.

తయారీదారులు తామే ముందుకు వచ్చి గూగుల్ లేని ఫోను ఎందుకు అమ్మలేదన్న ప్రశ్నకు జవాబు వారు గూగుల్‌తో చేసుకున్న ఒప్పందాలలో ఉంది. ప్లే స్టోర్ కావాలంటే గూగుల్ యాప్‌ల మూట మొత్తాన్ని చేర్చవలసి వచ్చేది. అంతేకాక, గూగుల్ ఆమోదించని ఆండ్రాయిడ్ రూపాంతరంతో ఒక్క ఫోనును కూడా అమ్మబోమని రాసి ఇవ్వవలసి వచ్చేది. అంటే వంద నమూనాలు చేసే సంస్థ నూటొకటో నమూనాను గోప్యతా వ్యవస్థతో తెస్తే, మిగిలిన వందకూ ముప్పు ఉండేది. ఐరోపా కమిషన్ 2018 జూలైలో ఈ పద్ధతులకు 434 కోట్ల యూరోల జరిమానా వేసింది. మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరు 20న 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించి, రూపాంతరాల మీద ఆంక్షలు పెట్టరాదని ఆదేశించింది. 2023 మార్చి 29న అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను సమర్థిస్తూ, పది ఆదేశాలలో నాలుగింటిని కొట్టివేసింది. ముందే వేసి వచ్చే గూగుల్ యాప్‌లను వాడుకరి తొలగించుకునే వీలు కల్పించాలన్నది ఆ కొట్టివేసిన వాటిలో ఒకటి. రూపాంతరాల మీద ఆంక్ష సడలినా పెద్ద తయారీదారుల వైఖరిలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఒప్పందం కంటే అలవాటు బలమైనదై ఉండాలి, లేదా ప్లే స్టోర్ లేని ఫోనును కొనేవారు లేరన్న లెక్క అయినా అయి ఉండాలి.

నాయుడుపేటకు దక్షిణాన రెండు గంటల ప్రయాణ దూరంలో ఉన్న చెన్నైలో 2023 జనవరిలో ఒక స్వదేశీ ప్రయత్నం వెలువడింది. ఐఐటీ మద్రాసు ఆశ్రయంలో జాండ్‌కే ఆపరేషన్స్ అనే సంస్థ రూపొందించిన భార్‌ఓఎస్‌ను ఆ నెల 24న కేంద్రమంత్రులు అశ్వినీ వైష్ణవ్, ధర్మేంద్ర ప్రధాన్ పరీక్షించి చూశారు. ముందే వేసిన యాప్‌లు ఏవీ లేకుండా, తాము నమ్మిన యాప్ భాండాగారం నుంచే సంస్థలు యాప్‌లు పొందేలా దాన్ని తీర్చిదిద్దారు. అదీ ఆండ్రాయిడ్ బహిరంగ మూలసంకేతం మీద కట్టినదేనన్నందుకు కొందరు వెక్కిరించారు గాని ఆ వెక్కిరింపు అన్యాయం, ఎందుకంటే ప్రపంచంలోని గోప్యతా వ్యవస్థలలో అత్యధికం అలా కట్టినవే. అసలు లోటు మరోచోట ఉంది: ఆ వ్యవస్థను పెట్టెలోనే వేసి అంగళ్లకు పంపే పెద్ద తయారీదారు ఎవరూ వెంట లేరు. ఫ్రాన్స్‌లో గాయేల్ దువాల్ ఆరంభించిన ఈ-ఓఎస్‌కు ఆ అండ దొరికింది. మరమ్మతుకు అనువైన ఫోన్లు చేసే నెదర్లాండ్స్ సంస్థ ఫెయిర్‌ఫోన్ 2020 నుంచి ఆ వ్యవస్థతో కూడిన ఫోన్లు అమ్మకానికి రావడానికి సహకరించింది. చిన్న సంస్థకు చిన్న సంస్థ తోడు.

తయారీదారు చేతిని వంచగల శక్తి ఒకటుంది, అది ప్రభుత్వం. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 చైనా యాప్‌లలో షావోమీ సొంత యాప్‌లు కూడా ఉండగా, ఆగస్టుకల్లా ఆ సంస్థ నిషిద్ధ యాప్‌లు లేని ప్రత్యేక ఎంఐయూఐని భారతీయుల కోసం ప్రకటించింది. ఏళ్ల తరబడి వాడుకరులు అడిగినా కదలనిది ఒక్క ఉత్తర్వుతో వారాలలో కదిలింది. ఈ శక్తికి రెండో వైపు 2025లో కనిపించింది. టెలికాం శాఖ నవంబరు 28న జారీచేసిన ఆదేశంలో, సంచార్ సాథీ అనే ప్రభుత్వ యాప్‌ను 90 రోజులలో కొత్త ఫోన్లన్నిటిలో ముందే వేసి అమ్మాలనీ, దాని పనికి అడ్డు తగిలేలా ఏదీ చేయరాదనీ, ఇప్పటికే తయారైన ఫోన్లకు అప్‌డేట్ ద్వారా పంపాలనీ తయారీదారులకు చెప్పింది. దొంగిలించిన ఫోన్లను పట్టడానికి ఆ యాప్ ఉపయోగపడిన మాట నిజమే గాని, కోరకుండా వచ్చి కూర్చునే యాప్ గోప్యతా తీర్పుకు ఎలా సరిపడుతుందని దేశమంతా అడిగింది. తొలగించుకోవచ్చని మంత్రి సర్దిచెప్పినా నిరసన ఆగక, డిసెంబరు 3న ఆ నిబంధనను ఉపసంహరించారు. వాడుకరుల గొంతు గెలిచిన అరుదైన సందర్భమిది. అయితే షావోమీ నిషిద్ధ యాప్‌లను తీసివేసిన దారీ, ప్రభుత్వం తన యాప్‌ను పంపబోయిన దారీ ఒక్కటే, అది తయారీదారు సంతకంతో వచ్చే అప్‌డేట్.

గోప్యతా వ్యవస్థలన్నిటిలో భద్రతా నిపుణులు నేడు ఎక్కువగా గౌరవించేది గ్రాఫీన్‌ఓఎస్‌ను. దాని పుట్టుక వెనుకా తాళంచెవి తగాదాయే ఉంది. టొరంటోలో కాపర్‌హెడ్ అనే సంస్థ పేరున 2014 నుంచి ఇటువంటి వ్యవస్థను నిర్మించిన డానియల్ మికే, 2018లో భాగస్వామితో విభేదాలు ముదిరినప్పుడు, అప్‌డేట్‌లకు సంతకం చేసే తాళంచెవులు పరుల చేతిలో పడితే వాడుకరుల ఫోన్లకు హాని అని వాటిని చెరిపివేశాడు. దానితో ఉన్న ఫోన్లకు అప్‌డేట్‌లు తెగిపోయాయి. అతని పని కొత్తగా మొదలై తర్వాత గ్రాఫీన్‌ఓఎస్ అయింది. ఈ వ్యవస్థ చాలాకాలం గూగుల్ పిక్సెల్ ఫోన్ల మీదనే నడిచింది. గూగుల్ చూపు తప్పించుకోవడానికి గూగుల్ ఫోనే కొనాలా అని నవ్వుకోవచ్చు గాని అందుకు బలమైన సాంకేతిక కారణముంది: పిక్సెల్‌లో బూట్‌లోడరును తెరిచి, కొత్త వ్యవస్థ తాలూకు బహిరంగ తాళంచెవిని నాటి, తిరిగి తాళం వేసుకోవచ్చు. అప్పుడు కాపలాదారు నిద్రపోడు, యజమాని మాత్రం మారతాడు. ఇతర సంస్థల ఫోన్లలో అత్యధికం తెరిచాక అలా మూయనివ్వవు. తెరిచి ఉన్న తలుపుతో గోప్యత ఏమి గోప్యత అన్నది మికే బృందం వాదన. 

పిక్సెల్ అనే ఆ ఆధారమూ కదలడం మొదలైంది. 2025 జూన్‌లో ఆండ్రాయిడ్ 16 మూలసంకేతాన్ని ప్రచురించినప్పుడు, పిక్సెల్ ఫోన్ల భాగాల అమరికను వివరించే ఫైళ్లను గూగుల్ మునుపటిలా వాటితో చేర్చలేదు. చట్టరీత్యా అందులో తప్పు లేదు, ఇన్నాళ్లు ఇచ్చింది అలవాటుగానే. గ్రాఫీన్ బృందం వేరే దారులలో పని నెట్టుకొచ్చినా, ఒక్క సంస్థను నమ్ముకోవడంలో ఉన్న అపాయం స్పష్టమైంది. అదే ఏడు అక్టోబరులో, పెద్ద ఆండ్రాయిడ్ తయారీదారుతో కలిసి పనిచేస్తున్నట్టు ఆ బృందం ధ్రువీకరించింది. ఏ తయారీదారుకైనా వారు చాలాకాలంగా చెబుతూ వచ్చిన షరతులు తక్కువేమీ కావు: ఏళ్ల తరబడి నెలనెలా భద్రతా అప్‌డేట్‌లు ఇవ్వాలి, రహస్యాలు దాచే విడి భద్రతా చిప్ ఉండాలి, కొన్నవాడు వేరే వ్యవస్థ వేసుకుని దాని తాళంచెవితో బూట్‌లోడరును తిరిగి మూసుకునే వీలు ఉండాలి. శ్రీసిటీ కూర్పు వరుసల నుంచి వచ్చిన రెడ్‌మి ఫోన్లకు ఈ మూడింటిలో చివరిది ఏనాడూ దక్కలేదు.